చదువు చెప్పువారి చదువు

నల్లగొండ పట్టణమునకు చేరువనే యున్న పానగల్లులో రాళ్లకు అక్షరములు వచ్చును. 11, 12వ శతాబ్దులలో అది కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరుని గుడి, ఛాయా సోమేశ్వరుని గుడి, ఉదయసముద్రమను పెద్ద చెరువు వారి కాలపు జ్ఞాపకములు. గుడి యొద్ద ప్రదర్శనశాలలో నేడు శిల్పములతోపాటు శాసనములును నిలిచియున్నవి. ఏ దేవునికి ఎవరు ఏమి సమర్పించిరో, దానిని చెరచినవానికి ఏ పాపము తగులునో ఇట్టి రాళ్లు చెప్పుచుండును. అవి చెక్కించిన తరువాత తరములకు తరములు గడచిపోయినవి. ఆ చెరువుకట్టకు మన్ను మోసినవారి సంతతి, ఆ ఆయకట్టు దున్నినవారి సంతతి, ఆ శిలల ముందు చేతులు జోడించినదే కాని వానిని చదివినది లేదు. మ్రొక్కుటకు అక్షరముతో పని లేదు. భూమి ఎవరిదో తెలిసికొనుటకు మాత్రము కావలెను.

2011 జనాభా లెక్కలలో నాటి నల్లగొండ జిల్లాలో అక్షరాస్యులు నూటికి 64.20. పురుషులలో 74.10, స్త్రీలలో 54.19. పడమట పాలమూరు జిల్లాలో మొత్తము 55.04, స్త్రీలలో 44.72 మాత్రమే. పాలమూరు సీమలోను కొండకోట గల పానగల్లు మరియొకటి కలదు. అది నేడు వనపర్తి జిల్లాలోనిది. గుడి పానగల్లుకును కోట పానగల్లుకును నడుమ దూరము చాల ఉన్నను, ఈ విషయమున రెండింటి కథయు ఒకటే.

ఇట్టి లెక్కలు చూచినప్పుడు ప్రభుత్వమును తలచుకొని ఒక నిట్టూర్పు విడుచుట వాడుక. కాని రెండవ తరగతి గదిలో నిలిచిన పంతులమ్మ కన్నులతో చూచినచో వీనికి వేరొక అర్థము తోచును. ఎదుట కూర్చున్న పిల్లలలో ఇంటికి పోయి పుస్తకము తెరచినప్పుడు తప్పు దిద్దగల తల్లి ఎందరికి కలదు? అంకెలు అన్ని వయసులవారివి గనుక పడుచు తల్లుల స్థితి అంతకంటె కొంత మెరుగే. అయినను పేరు వ్రాయ నేర్చుట వేరు, బిడ్డ చేతి వాచకమును తడుముకొనక చదువగలుగుట వేరు. లెక్కలవారు ఈ రెండింటిని ఒక్క గడిలోనే వేయుదురు.

చదువు నేర్పు ఉపాధ్యాయునికి తెలియవలసినవి రెండు. అక్షరము బిడ్డకు ఎట్లు పట్టుపడునన్నది మొదటిది. ఆ బిడ్డ సాయంకాలము ఏ యింటికి పోవుచున్నదన్నది రెండవది. శిక్షణ తరగతులలో మొదటిదానిని కొంత చెప్పుచున్నారు. రెండవదానిని గురించి చెప్పునది బహుస్వల్పము.

మొదటిది తెలుగునకు సంబంధించినంతవరకు తేలిక విషయము కాదు. మన లిపిని నేర్పుటకు తాతలనాటినుండి వచ్చుచున్న క్రమము ఒకటి కలదు. ఓనమాలు, అచ్చులు, హల్లులు, ఆ పిమ్మట గుణింతములు, అటుపై ఒత్తులు. యాబదియారు అక్షరముల చెట్టును ఎక్కి దిగినగాని పిల్లవానికి మాట దొరకదు. వీధిబడిలో ఇసుకమీద వ్రేలు అరుగదీయించి నేర్పిన ఈ పద్ధతిలో గట్టిదనము లేకపోలేదు. ఇంట దిద్దించువారు, పక్కన కూర్చుండి వల్లెవేయించువారు ఉన్నంతకాలము అది నడచినది. ఇంట అట్టివారు లేనప్పుడు దాని లోపము బయటపడును.

బిడ్డకు మొదట తెలిసిన మాటలేవి? అమ్మ, అక్క, అన్న, నాన్న, అవ్వ, తమ్ముడు, చెల్లె. వీనిలో ఒత్తు లేని మాట ఒక్కటియు లేదు! పాత క్రమమున పోయినచో తల్లిపేరు చదువుటకు పిల్లవాడు ఒత్తులు వచ్చు నాటివరకు కాచుకొని యుండవలెను. అంతకుముందే ఋషి, ఔషధము మొదలగు పెద్దమనుషులతో వానికి పరిచయమగును. వాచకపు మొదటి పుటలోనే అకారము పక్కన అమ్మ బొమ్మ ఉండును గదా యందురు. ఉండును. పిల్లవాడు చదువునది ఆ బొమ్మనే గాని మాటను కాదు. పైగా త, న, మ, య, ర, ల అను అక్షరముల ఒత్తులు అసలు అక్షరములను పోలియుండవు. మకారము నేర్చినవానికి అమ్మ అను మాట క్రిందనున్న మావొత్తు క్రొత్త అక్షరమే. ఈ సంగతి పెద్దలమైన మనకు కనబడదు, ఏలయన మనకు నేర్చిన బాధ జ్ఞప్తి లేదు.

అందుచేతనే కొన్ని అక్షరములనే తీసికొని వానితోనే మాటలు కూర్చి, వల, తల, జడ, గడప, పలక అని చదివించి, వెంటనే ఒకటి రెండు గుణింతపు గుర్తులు కలిపి, అమ్మ వంటి పరిచితమైన మాటను ఒత్తుతో సహా ముందుగానే తెచ్చి చూపు పద్ధతి వచ్చినది. మంచిదే. కాని పద్ధతి పుస్తకములో మారినంత మాత్రమున పంతులు చేతిలో మారదు.

తరగతి గదిలో తరచు కనబడు దృశ్యము ఒకటి కలదు. మూడవ తరగతి పిల్లవాడు లేచి పాఠమును గడగడ అప్పగించును. తనిఖీకి వచ్చినవారు సంతోషింతురు. పుట నడుమ ఒక మాటమీద వ్రేలు పెట్టి ఇదేమని అడుగుడు. వాడు మొదటినుండి మరల అందుకొని ఆ మాటవరకు వచ్చి ఆగును. లేదా ఆగుట ఎచ్చటనో తెలియక పోనే పోవును. వాడు చదువుచున్నది తోటివారి గొంతును, పుస్తకమును కాదు. వానిని కనిపెట్టుట ఒక విద్య. పకారమును వకారమని, మకారమును యకారమని, బకారమును భకారమని పొరబడు పిల్లలు ముగ్గురు ఒకేరీతిని దెబ్బలు తిన్నను వారి పొరపాట్లు ఒకటి కావు. ఒకనికి ఆకారము తెలియదు, ఒకనికి ఉచ్చారణ తెలియదు, మూడవవానికి రెండును తెలిసియు కలుపుట తెలియదు. కొమ్ము పెక్కు అక్షరములకు పక్కన తగులుకొనగా ప, వలకు క్రిందుగా తగులుకొనును. పక్కన పెట్టినచో వకారము మకారమునకు మారుగా కనబడునుగదా! ఇట్టి చిన్న సంగతి తెలిసిన టీచరు పిల్లవాని తప్పును చూచి కోపగింపడు. అది ఎచ్చట పుట్టినదో వెదకును.

ఇక మాట యొక్క సంగతి. వాచకములో వేప అని యుండును. పానగల్లు పిల్ల దానిని యాప అని చదువును. పుస్తకము వచ్చాడు అనును, పిల్ల వచ్చిండు అనును. పుస్తకము దారి అనును, ఇంట అది తొవ్వ. దీనిని తప్పని గీత గీయు పంతులు ఒక గొప్ప సంగతిని పోగొట్టుకొనుచున్నాడు. వేపను యాప అన్న పిల్ల అక్షరములను కూడబలుకుకొని ఊరకుండలేదు. అర్థమును పట్టుకొని తన యింటి మాటలోనికి తెచ్చుకొన్నది. చదువుట అనగా అదియే. వేప అని సరిగా పలికి చెట్టు తలపునకు రాని పిల్లకంటె ఆమె ఎంతయో ముందున్నది. అర్థము కుదిరిన పిమ్మట పుస్తకపు మాటను చూపుట ఒక నిమిషపు పని. మొదటనే నోరు కొట్టినచో ఆ నోరు మరల తెరచుకొనుటకు ఏండ్లు పట్టును.

ఈ తగవు తెలుగునాట క్రొత్తది కాదు. 1906–07 ప్రాంతమున ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలలను తనిఖీ చేయవచ్చిన యేట్సు దొర, జనము పలుకు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమేల యని అడిగినప్పుడే వ్యావహారిక భాషోద్యమమునకు అంకురము పడినది. పండితులు దానిని సాహిత్యపు తగవుగా జ్ఞాపకముంచుకొనిరి గాని, అది పుట్టినది బడిలో. గిడుగు రామమూర్తి పంతులు అంతకు చాల ముందే పర్లాకిమిడి ప్రాంతమున సవరలకు చదువు చెప్పదలచి, మొదట తానే వారి భాషకు శిష్యుడై, ఆ భాషలో వాచకములు వ్రాసి, తన సొమ్ము పెట్టి బడులు నడపెను. ఉపాధ్యాయ శిక్షణ అను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము వెదకనక్కర లేదు. పంతులే ముందు విద్యార్థి యయ్యెను.

తెలంగాణమునకు మరియొక చిక్కు ఉండెను. నిజాం రాజ్యమున పై తరగతుల చదువు ఉర్దూలో నడచెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఆ భాషలోనే. ప్రజలు తమంత తాము పెట్టుకొన్న ఖాన్గీ బడులకు సర్కారు అనుమతి కావలెనన్న నిబంధన 1920వ దశకమున వచ్చి అట్టి బడులెన్నో మూతపడినవి. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులు హైదరాబాదున తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాల నెలకొల్పుట నాటికి సాహసమే. అట్టి దినములలో పల్లె చదువు బడిలోకంటె రచ్చబండమీదను, గ్రంథాలయములోను ఎక్కువగా సాగినది. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను వెలువరించెను. ఆ కాలపు పత్రికను ఒకరు చదువ పదిమంది వినుట వాడుక. వినువారిలో అక్షరము రానివారే హెచ్చు. వారు మధ్యమధ్య ఆపి అర్థమడుగుదురు, వాదింతురు, మరల చదువుమందురు. చదువరికి అంతకంటె మంచి అభ్యాసము ఏ బడిలో దొరకును?

నకిరేకల్లు ప్రాంతపు మాధవరమున 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఒక ఉపాధ్యాయుని యింట వంటపని చేయుచు చదువు పట్టుకొనెనని ఆయన జీవితము నెరిగినవారు చెప్పుదురు. అట్టివాడు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను స్వయముగా ఊరూర మోసికొనిపోయి అమ్మెను. పుస్తకమున్న యిల్లు బిడ్డకు ఏమి చేయునో ఆయనకు ఒకరు చెప్పనక్కర లేకపోయెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట బడులు పెరిగినవి. పంతుళ్లకు శిక్షణ ఎట్లన్న ప్రశ్న వచ్చినది. ఆంధ్రప్రదేశమున దీనికి పెద్దయెత్తున సమాధానము చెప్పజూచినది బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో నడచిన ప్రాథమిక విద్యా పథకము. 1984లో ప్రయోగరూపమున మొదలై, 1989 తరువాత రాష్ట్రమంతట వ్యాపించి, 1996 వరకు సాగినది. పిల్లలచేత పని చేయించుచు నేర్పుట, జట్లుగా కూర్చుండబెట్టుట, చుట్టునున్న వస్తువులనే బోధనకు వాడుట, పిల్లలు చేసినవానిని గదిలో ప్రదర్శించుట మున్నగు ఆరు సూత్రములు అందు ముఖ్యములు. ఇరుగుపొరుగు బడుల పంతుళ్లు ఒకచోట కూడి తమ పాఠములను ముచ్చటించుకొనుటకు ఉపాధ్యాయ కేంద్రములు ఏర్పడినవి. ఆలోచన గొప్పది. ఆచరణలో మాత్రము చాలచోట్ల సూత్రములలో తేలికైనది నిలిచి కష్టమైనది జారిపోయినది. గోడకు గోడకు తాడుకట్టి కాగితములు వ్రేలాడదీసిన బడులు పెక్కు. ఆ కాగితములు ఎవరు చదువగలరో చూచిన బడులు తక్కువ.

ఆ తరువాత వచ్చిన శిక్షణలన్నిటికి ఒకటే జబ్బు. రాజధానిలో చెప్పినది జిల్లావారు విందురు, జిల్లాలో విన్నది మండలమువారికి చెప్పుదురు, మండలమునుండి స్కూలు కాంప్లెక్సునకు వచ్చుసరికి కుండలో అడుగునీరు మిగులును. చెప్పువారిలో చాలమంది రెండవ తరగతికి పాఠము చెప్పి ఏండ్లు గడచినవారు. 2020 జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయునికి ఏటేట 50 గంటల వృత్త్యభివృద్ధి ఉండవలెనన్నది. గంటలు లెక్కపెట్టుట సులభమే. ఆ గంటలలో ఒక్క పిల్లవానినైనను ఎదుట కూర్చుండబెట్టుకొని వాడు చదువుచుండగా వినిరా అన్నదే ప్రశ్న.

కరోనా కాలమున బడులు మూతపడిన దెబ్బ మీద 2022లో జరిగిన అసర్ సర్వేలో దేశమున గ్రామీణ ప్రాంతపు అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి 42.8 మంది. కేంద్రము 2021 జులై 5న నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ప్రకటించినది. తెలంగాణ ప్రభుత్వము 2022–23 విద్యాసంవత్సరమున ఒకటినుండి అయిదవ తరగతులవరకు తొలిమెట్టు అను పేర దీనిని చేపట్టినది. పిల్లవాని స్థాయిని కనుగొని అచ్చటినుండి చెప్పవలెననుట దాని మూలసూత్రము. పాఠ్యపుస్తకము ముగిసినదా అన్న పాత ప్రశ్న స్థానమున పిల్లకు చదువ వచ్చినదా అన్న ప్రశ్న వచ్చుట మేలైన మార్పు. ఇందును పట్టికలు నింపు పని పంతులు కాలమును మింగివేయు ప్రమాదము లేకపోలేదు.

ఇంతవరకు వచ్చినదంతయు బడి నాలుగు గోడల మధ్యనే.

ఇల్లు చదువుబాట పట్టినచో ఏమగునో నెల్లూరు జిల్లా చూపినది. 1990 తరువాత అచ్చట సాక్షరతా ఉద్యమము సాగినప్పుడు స్త్రీలు రాత్రిపూట లాంతరు వెలుగున కూడిరి. వాచకములోని సీతమ్మ కథలో తమ కథను చూచుకొనిరి. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటము రాష్ట్రమంతట అంటుకొని, 1993లో సారా నిషేధమునకు దారితీసినది. అక్షరము అచ్చట గెలిచినది అర్థము వలన. ఆ స్త్రీలకు ఎవరును ముందుగా యాబదియారు అక్షరములు అప్పగించుమనలేదు. అట్లే పాలమూరు జిల్లాలో 1993 మొదలుకొని మహిళా సమత సంఘములు పల్లె స్త్రీలను కూడదీసినవి. ఈ ఉద్యమములలో నేర్చిన అక్షరము చాలమందికి నిలువలేదు. చదువుటకు ఇంట ఏమియు లేక మరుపున పడినది. బిడ్డ బడి యొక వైపు, తల్లి రాత్రిబడి యొక వైపు వేరువేరు కచేరీల క్రింద నడచుటయే అందుకు కొంత కారణము. ఒకే గుడిసెలో, ఒకే దీపము క్రింద ఇద్దరు నేర్చుకొనుచుండగా వారి పుస్తకములు ఒకదానినొకటి ఎరుగవు.

పంతులు తల్లిని బడికి పిలిపించి, బిడ్డను ఇంట చదివింపుమని చెప్పుట ప్రతి సమావేశమునను జరుగు తంతు. ఆమె తలవంచుకొని, "నాకు సదువు రాదు సారూ, నేనేం జెప్త" అని లేచిపోవును. రెండవమారు పిలిచినను రాదు. ఆమెను అడుగరానిది అడిగితిమని గ్రహించిన టీచరు వేరొకటి అడుగును: దినమునకు పది నిమిషములు బిడ్డ చదువుచుండగా వినుమని. విన్న పిమ్మట కథలో ఏమైనదో చెప్పుమనుమని. తడుముకొన్నచోట ఊరకుండుమని, కొట్టవద్దని. ఇందుకు అక్షరము రానక్కర లేదు. బిడ్డ చదివినది చదువో అప్పగింతో ఆమె వెంటనే పట్టుకొనును; అర్థము చెప్పలేకపోయినచో అది అప్పగింత.

ఇంకొక త్రోవయు కలదు. ఇంటిలో అవ్వ చెప్పు కథ, తల్లి పాడు బతుకమ్మ పాట, పొడుపుకథ, వీనిని బిడ్డ బడికి తెచ్చి చెప్పును. టీచరు దానిని వారి మాటలలోనే, యాపను యాపగానే, పెద్ద అక్షరములతో ఒక కాగితముమీద వ్రాయును. బిడ్డ ఆ కాగితమును ఇంటికి కొనిపోయి అవ్వకే చదివి వినిపించును. ఒక్క మాట దాటవేసినచో అవ్వ ఆపును, కథ ఆమెది గనుక. అక్షరములు ఎరుగని మనిషి తప్పు దిద్దుచున్నది. వ్రేలు పెట్టి ఒక్కొక్క మాటను చూపుచు చదువుచున్నచో తన మాట కాగితముమీద ఎట్లుండునో ఆమెకును తెలియవచ్చును. ఒకనాడు ఆమె తన పేరు ఏదని అడుగును.

చదువుటకు ఇంట ఏమియు లేదనుటయు నిజము కాదు. పట్టాదారు పాసుపుస్తకము, ఉపాధి హామీ జాబ్ కార్డు, సంఘపు పొదుపు పుస్తకము, కరెంటు బిల్లు, మందుల చీటీ ఉన్నవి. తల్లి వీనిని ఎవరిచేతనో చదివించుకొనుచున్నది, ఒక్కొక్కప్పుడు మోసపోవుచున్నది. నాలుగవ తరగతి పిల్ల పొదుపు పుస్తకములో తల్లి కట్టిన పైకమును ఆమెకు చదివి చెప్పగలిగిననాడు బడి చదువుపై ఆ యింటికి కలుగు నమ్మకము వేయి సమావేశములలో కలుగదు.

2024లో తెలంగాణమున అమ్మ ఆదర్శ పాఠశాల సంఘములు ఏర్పడినవి. మహిళా సంఘముల స్త్రీలకు బడి మరమ్మతుల బాధ్యత నిచ్చిరి. పిల్లల ఏకరూప దుస్తులు కుట్టు పనియు స్త్రీల సంఘములకు వచ్చినది. గోడకు సున్నము వేయించుటకును, చొక్కాకు గుండీలు కుట్టుటకును తల్లులు పనికివచ్చినప్పుడు బిడ్డ చదువును వినుటకు ఏల పనికిరారు? సంఘము కూడిననాడు మరమ్మతుల లెక్క ముగిసిన పిమ్మట ఒక పిల్లచేత ఒక కథ చదివించి అందరు వినుటకు పావుగంట చాలును. పంతుళ్ల శిక్షణలోను ఒక పూటను దీనికి కేటాయింపవలెను: చదువు రాని తల్లితో ఎట్లు మాట్లాడవలెను, ఏమి అడుగవచ్చును, ఏమి అడుగరాదు. చాలమంది టీచర్లు పట్టణమునుండి బస్సులో వచ్చి బస్సులో పోవువారు. పిల్లల యిండ్లు చూచినవారు తక్కువ. అందుకు వారిని నిందించి లాభము లేదు. చూచుటకు వేళ ఇచ్చినవారు లేరు.

వేళ సంగతియే చిక్కైనది. వానాకాలమున నాట్లు, దసరా దాటినదాది పత్తి ఏరుట. తల్లి వెలుగు రాకముందే ట్రాలీ ఎక్కును, చీకటి పడిన పిదప దిగును. అప్పటికి బిడ్డ నిద్రపోయి యుండును. పాలమూరు పల్లెలలో వలసపోయిన యిండ్ల పిల్లలు అవ్వతాతల యొద్ద మిగులుదురు. కనుక వినువారు తల్లియే కానక్కర లేదు. అరుగుమీది తాత కావచ్చును, పక్కయింటి అక్క కావచ్చును, మూడవ తరగతి తమ్మునికి ఏడవ తరగతి అన్న కావచ్చును. పత్తి దినములలో ఆదివారమైనను సరియే. బడిలో హాజరు పట్టీయందు తండ్రి పేరునకు, తల్లి పేరునకు గడులున్నవి. సాయంకాలము ఆ యింట నుండువారెవరో వ్రాసికొనుటకు గడి లేదు. టీచరు పెన్సిలుతో వ్రాసికొనదలచినచో పుట చివర కొంచెము ఖాళీ జాగా ఉన్నది.